రెండు మడతల చొక్కా

జూన్ 3, సోమవారం

నా చేతిరాత బాగుండదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతి వరకే. దయచేసి మన్నించాలి.

ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు. ఇది చదివేవాళ్లు ఎవరూ లేరు. ఉత్తరం మొదలుపెడితే ముందు ఈ మాట రాయడం అలవాటు. చెయ్యి దానంతటదే రాసేసింది.

జనవరిలో సినిమా కంపెనీ ఆఫీసులో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ కుట్టుమిషను సొరుగులో పడి ఉంది. ఇవాళ తీశాను. వారపత్రికలో మా బావ ఫొటో వేశారు. అరపేజీ. మా ఆవిడ దాన్ని కత్తిరించి బీరువా అద్దం పక్కన అంటించింది. ఇక రోజూ గడ్డం గీసుకునేటప్పుడు నా మొహం పక్కన ఆయన మొహం.

ఫొటో కింద "మౌనమే ఆయన భాష" అని రాశారు. ముప్పై నాలుగేళ్లు బస్సు కండక్టరు పని చేసి, చివరి సీటు వాళ్లకి వినపడేలా అరిచిన మనిషి. ఆయన భాష మౌనమట.

ఇంట్లో చెప్పుకుందామంటే ఆవిడకి సొంత అన్న. బయట చెప్పుకుంటే నవ్విపోతారు. అందుకని ఇక్కడ.

జూన్ 5, బుధవారం

బావ వచ్చాడు. గుమ్మంలోంచే మొదలు.

"జరగండి, జరగండి, లోపలికి జరగండి! ఏం బావా, ఇంకా ఆ కళ్లద్దాలతోనే కుడుతున్నావా? నువ్వు సూదిని చూస్తున్నావా, సూదే నిన్ను చూస్తోందా?"

నేను నవ్వాను. వేరే ఏం చెయ్యాలో తెలియనప్పుడు నవ్వుతాను.

"రా అన్నయ్యా, ఇలా ఫ్యాను కింద కూర్చో" అని మా ఆవిడ నా కుర్చీ మీద బట్టలు తీసి మంచం మీద పడేసింది. రేపటికి ఇస్త్రీ చేసి పెట్టుకున్న బట్టలు.

కొత్త వేషం సంగతి చెప్పాడు. ఈసారి చిన్నది కాదు. ఇద్దరన్నదమ్ములు, పాతికేళ్లుగా మాటల్లేవు. తమ్ముడు ఆస్పత్రిలో ఉంటాడు. అన్న వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చుంటాడు. లోపలికి వెళ్లాలని ఉంటుంది, ముఖం చెల్లదు. నాలుగు నిమిషాల సీను, ఒక్క మాట ఉండదు.

"నాలుగు నిమిషాలు నువ్వు నోరు మూసుకుంటావా! ఆ ఒక్కదానికే నీకు దండ వెయ్యాలి" అంది మా ఆవిడ.

"నవ్వకే. ఇది నిలబడితే నేను నిలబడినట్టే. ఇన్నాళ్లూ వాచ్‌మన్, పోస్ట్‌మన్, పెళ్లికూతురి తాత. వచ్చామా, కూర్చున్నామా, పోయామా. ఇది అలా కాదు." తరవాత నావైపు తిరిగాడు. "బట్టలు నువ్వే కదా చూసేది బావా?"

తల ఊపాను.

"అయితే నాకు బెంగ లేదు. నువ్వక్కడుంటే చాలు."

టీ రెండు సార్లు తాగాడు. నా కప్పులో.

జూన్ 9, ఆదివారం

ఈ మనిషి సినిమాల్లోకి ఎలా వచ్చాడో రాసి పెట్టాలి. పత్రికలో తప్పు రాశారు. చిన్నప్పట్నుంచీ నటన మీద ఆసక్తట. ఆసక్తీ లేదు, ఆవకాయ జాడీ లేదు.

నేను ఈ పనిలో ముప్పై ఎనిమిదేళ్లు. సినిమా వాళ్లకి బట్టలు కుడతాను. అంతకంటే ముఖ్యం, కొత్త బట్టని పాతగా చేస్తాను. మోచేతుల దగ్గర ఇటుకపొడితో రుద్దాలి. కాలరుకి టీ డికాక్షన్ పట్టించాలి. నాలుగుసార్లు ఉతికి నీడలో ఆరబెడితే పదేళ్లు తొడిగిన చొక్కా అవుతుంది. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని అంటారు. అనేది కూడా నా ముందు కాదు. నేను సిగ్గుపడతానని.

ఆరేళ్ల కిందట ఒక రోజు కళ్లద్దాలు ఇంట్లో మరిచి వెళ్లాను. బావ అప్పటికి రిటైరై ఇంట్లో ఈగలు తోలుకుంటున్నాడు. అద్దాలు తెచ్చి ఇవ్వడానికి షూటింగుకి వచ్చాడు. డాక్టరు గదిలో కూర్చోవలసిన ముసలాయన ఆ రోజు రాలేదు. ఆ సినిమా డైరెక్టరు బావని చూశాడు, కూర్చోబెట్టాడు. ఒక్కటే మాట, "పిలిచారా?" అని. అంతే.

కళ్లద్దాలు మరిచిపోకుండా ఉంటే ఆయన ఇవాళ్టికీ ఇంట్లోనే ఉండేవాడు.

అరవై ఒకటో ఏట మొదలు. ఆరేళ్లలో ఇరవై మూడు సినిమాలు. మా ఆవిడ లెక్క పెట్టింది, నేను కాదు.

జూన్ 14, శుక్రవారం

మా ఆవిడ పట్టుబట్టి థియేటరుకి తీసుకెళ్లింది. బావ అందులో పెళ్లికొడుకు తండ్రి. బట్టలు నావి కావు, వేరే ఆయనవి. కాలరు గట్టిగా ఉంది, అబద్ధంలా ఉంది.

ఒక చోట కూతురు అడుగుతుంది, "ఏం నాన్నా, ఏమీ మాట్లాడవేం?" అని. బావ మాట్లాడడు. కుడిచెయ్యి మెల్లిగా పైకి తీసుకెళ్లి చొక్కా పైబొత్తాం పట్టుకుంటాడు. ఉందో లేదో చూసుకున్నట్టు దాన్ని ఒకసారి తిప్పి వదిలేస్తాడు. తల దించుకుంటాడు.

హాల్లో ఎవరో అబ్బా అన్నారు. మా ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అప్పుడు నా కుడిచెయ్యి నా పైబొత్తాం మీద ఉంది.

అది నాది. కుట్టేవాడి అలవాటు. ఏ బొత్తాం వదులయిందో వేలికి తెలుస్తుంది. ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే మాట రాక ముందే చెయ్యి బొత్తాం మీదికి వెళ్తుంది. నలభై ఏళ్లుగా వెళ్తోంది. బడిలో కూడా వెళ్లేదేమో.

కూర్చునేటప్పుడు కుర్చీ అంచున కూర్చోవడం నాది. పిలిస్తే రెండోసారికి తల ఎత్తడం నాది. నవ్వు వచ్చినప్పుడు పక్కకి తిరగడం నాది. ఒక్కొక్కటే తెర మీద పోతున్నాయి. నా ఇంట్లో సామానంతా ఎవరో బండిలో వేసుకుని నా కళ్ల ముందే తోలుకుపోతున్నట్టుంది.

బయటికి వచ్చాక మా ఆవిడ అడిగింది. "ఆ బొత్తాం పట్టుకోవడం ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడ చెప్మా?"

ముప్పై తొమ్మిదేళ్ల కాపురం.

జూన్ 15, శనివారం

బొత్తాం పట్టుకోకూడదని చూశాను. మధ్యాహ్నానికి పదకొండు సార్లు పట్టుకున్నాను.

జూన్ 20, గురువారం

ఆస్పత్రి సీను చొక్కా తయారైంది. ఎప్పుడూ ఒకటికి రెండు చేస్తాను, ఒకటి తడిసినా చిరిగినా రెండోది ఉండాలి. బూడిదరంగు పొడుగు చేతుల చొక్కా. వడ్రంగి వేషం కనక చేతులు పైకి మడిచి ఉంటాయి, రెండేసి మడతలు. మడత లోపల రంగు కొంచెం ముదురుగా ఉంచాను, ఎండ తగలని చోటు కదా. అది ఎవరికీ కనపడదు. అయినా చేశాను.

ఎవరి మీద ఎంత కడుపుమంట ఉన్నా పని పనే. అందులో మాత్రం నన్ను ఎవరూ తప్పు పట్టలేరు.

జూన్ 27, గురువారం

ఇవాళ ఆస్పత్రి వరండా. మూసేసిన పాత ఆస్పత్రి అది, గోడలకి నడుము ఎత్తు వరకు ఆకుపచ్చ రంగు. షూటింగ్ అయిపోయాక కూలగొడతారట. దూరం నుంచి తీసే షాట్లు ఇవాళ. దగ్గరవి పదిరోజుల తరవాత.

బావ వచ్చాడు, బల్ల అంచున కూర్చున్నాడు. తలుపు వైపు చూశాడు. లేచాడు. తలుపు దాకా వెళ్లి చెయ్యి ఎత్తాడు, దించాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. బొత్తాం.

డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు. లైట్లవాళ్లు కూడా కదల్లేదు. ఎప్పుడూ చెవులు కొరుక్కునే మేకప్ వాళ్లు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

డైరెక్టరు చిన్నవాడు, ముప్పై అయిదు ఉంటాయేమో. వచ్చి బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఈ మౌనం ఎక్కడ నేర్చుకున్నారండీ మీరు?"

నేను మూడడుగుల దూరంలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

బావ నావైపు చూశాడు. అటు తిరిగి, "బస్సులోనండీ. రోజూ వెయ్యి మందిని చూసేవాణ్ణి. ఎక్కడో అంటుకుంది" అన్నాడు.

అందరూ తలలు ఊపారు. ఆహా, బస్సులో.

తువ్వాలు అందించాను.

పని పుస్తకంలో రాసుకున్నది: బూడిదరంగు చొక్కా, ఒకటో నంబరు. పైబొత్తాం పెట్టి ఉంది. చేతులు పైకి, రెండేసి మడతలు.

జూన్ 28, శుక్రవారం

బస్సులోనట.

జూలై 1, సోమవారం

బస్సులో.

జూలై 8, సోమవారం

దగ్గర షాట్లు అయ్యాయి. రెండో నంబరు చొక్కా ఇచ్చాను. చేతులు కిందికి, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టి. ఏ ఇబ్బందీ లేదు.

జూలై 9, మంగళవారం

నిన్నటి సంగతి సరిగా రాయలేదు.

ముందు రోజు తీసినదానికీ తరవాత రోజు తీసినదానికీ తేడా రాకుండా చూసే అమ్మాయి ఒకతి ఉంది. కొత్త పిల్ల. రెండు నెలలైంది చేరి. మొన్నటి ఫొటోలు ఇంకా కడిగి రాలేదు. నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఆ రోజు చేతులు పైకా, కిందికా?"

"కిందికి" అన్నాను.

"రాసుకున్నారా?"

"రాసుకున్నాను."

అంతే. నా మాట మీద ఎవరూ ఇంకో మాట అడగరు. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క బొత్తాం తేడా రానివ్వలేదు నేను.

బావ మాత్రం అద్దం ముందు నిలబడి, "మడిచినట్టు గుర్తు బావా" అన్నాడు.

"నీకేం తెలుసు? పుస్తకం నా దగ్గరుంది" అన్నాను.

"అదీ నిజమే. నేను నా మొహమే చూసుకోను, చేతులేం చూస్తాను!" అని నవ్వి వెళ్లి కూర్చున్నాడు.

నాకూ వయసు మీద పడింది. అరవై ఆరేళ్లవాడు ఒక మాట మరిచిపోతే తప్పేం కాదు. పుస్తకం సంచీలోనే ఉంది. తెరవలేదు. తెరిచి ఉంటే గుర్తొచ్చేదేమో.

మరిచిపోయాను.

జూలై 13, శనివారం

మరిచిపోయాను. అంతే.

జూలై 22, సోమవారం

ఎడిటింగు గదికి రమ్మని కబురు వచ్చింది. చిన్న గది, నలుగురం పట్టడమే కష్టం. డైరెక్టరు, ఎడిటరు, ఆ అమ్మాయి, నేను.

ఎడిటరు బొమ్మ తిప్పి చూపించాడు. దూరం నుంచి చూస్తే చేతులు పైకి ఉన్నాయి. దగ్గరికి వస్తే కిందికి. మళ్లీ దూరం, పైకి. దగ్గర, కిందికి. ఎంత మంచి సీనైనా నవ్వులాటగా ఉంది. ఎడిటరు నిజంగానే నవ్వాడు. "ఏమండీ, పెద్దాయన చొక్కా విప్పి తొడుక్కుంటున్నాడా మధ్యమధ్య?"

మళ్లీ తీద్దామంటే వరండా లేదు. కూలగొట్టేశారు. అలాంటిది కట్టాలంటే సినిమా విడుదల దాటిపోతుంది.

డైరెక్టరు ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. "కళ్లు ఎక్కడ పెట్టుకుని పని చేస్తున్నావమ్మా? దానికే కదా నిన్ను పెట్టుకున్నది!"

ఆ పిల్ల ఒక్కసారి నా వైపు చూసింది. ఒక్కసారే. "మాస్టారు చెప్పారు" అనొచ్చు. అనలేదు. "సారీ సార్" అంది. ముక్కు ఎర్రబడింది.

చెయ్యి బొత్తాం మీదికి వెళ్లింది. బొత్తాం పట్టుకుని నిలబడ్డాను. ఎప్పుడూ నిలబడ్డట్టే.

సీను తీసేశారు. నాలుగు నిమిషాలూ. తమ్ముడు పోయాడని అన్నకి కబురు వస్తుంది, అంతటితో సరి. వేషం ఇప్పుడు మళ్లీ చిన్నదే. వచ్చామా, కూర్చున్నామా, పోయామా.

ఇంటికొచ్చి అన్నం బాగానే తిన్నాను.

జూలై 24, బుధవారం

బావకి అసలు సంగతి చెప్పలేదు వాళ్లు. సినిమా పొడుగైందని చెప్పారు. పెద్దవాడు, నొచ్చుకుంటాడని.

సాయంత్రం వచ్చాడు. గుమ్మంలో జరగండి అనలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మా ఆవిడ ఏదేదో మాట్లాడింది. ఆయన పలకలేదు. ఇన్నేళ్లలో మా ఇంట్లో గడియారం చప్పుడు నాకు వినపడ్డం అదే మొదటిసారి.

చివరికి అన్నాడు. "పొడుగు కాదు బావా. నాకు తెలుసు. మంచిగా ఉంటే పొడుగని ఎవడైనా కోస్తాడా? నా దగ్గర సరుకు లేదు. చిన్న చిన్న ముక్కలకి సరిపోయింది. నాలుగు నిమిషాలు నిలబెట్టేసరికి రంగు బయటపడింది."

"అదేం కాదన్నయ్యా" అంది మా ఆవిడ.

"నువ్వూరుకో. ఏం బావా, నువ్వు అక్కడే ఉన్నావు కదా. నిజం చెప్పు. బాగా చేశానా నేను?"

ఒక్క మాట చాలు. బాగా చేశావు, తప్పు నీది కాదు, అని.

పక్కకి తిరిగి దారం తుంచాను.

సంతోషంగా ఉంటుందనుకున్నాను.

జూలై 27, శనివారం

ఆఫీసుకెళ్లి ఇక వేషాలు వెయ్యనని చెప్పి వచ్చేశాడట. అద్దెగది ఖాళీ చేశాడు. కూతురి దగ్గరికి పోతున్నాడు, ఇక అక్కడేనట. ఆ ఊరికి రెండు బస్సులు మారాలి.

బస్టాండుకి నేనొక్కణ్ణే వెళ్లాను. మా ఆవిడకి ఒంట్లో బాగాలేదని పడుకుంది. ఒంట్లో కాదు.

బావ సంచీలోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే నా పాత గళ్ల చొక్కా. ఆరేళ్ల కిందట ఆ మొదటి రోజు, డాక్టరు గది సీనుకి, ఆయన తొడుక్కొచ్చిన చొక్కా మరీ మెరుస్తోందని నా ఒంటి మీదది విప్పి ఇచ్చాను. దాచిపెట్టాడు.

"నీ సొత్తు నీకు ఇచ్చేస్తున్నా. ఆరేళ్లు నీ చొక్కా తొడుక్కుని, నీలాగా కూర్చుని బతికేశాను బావా. నాకు వేరే ఏం వచ్చు చెప్పు? జడ్జి వేషం ఇస్తే గావుకేకలు పెట్టాను, జనం పారిపోయారు. అప్పట్నుంచి ఏ వేషమిచ్చినా మా బావ ఇక్కడుంటే ఏం చేస్తాడు అని చూసుకునేవాణ్ణి."

చొక్కాని మళ్లీ మడతపెట్టాను.

"ఆ రోజు బస్సులో నేర్చుకున్నానని అన్నాను. నీకు కష్టమనిపించి ఉంటుంది. నీ పేరు చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే అందరూ నీ మీద పడతారు, ఏదీ చూపించండి అంటారు. నువ్వు ఆ తువ్వాలు అక్కడ పడేసి ఇంటికి పారిపోతావు. నాకు తెలీదూ నీ సంగతి?"

నిజమో కాదో తెలియదు. కానీ బావ అబద్ధం చెబితే గొంతు పెద్దదవుతుంది. బస్టాండులో ఆయన మాట నాకు మాత్రమే వినపడింది.

బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపాడు. కండక్టరు అరుస్తున్నాడు, జరగండి జరగండి అని. బావ ఆ కుర్రాడి వంక తల తిప్పి కూడా చూడలేదు.

జూలై 28, ఆదివారం

ఇందులో ముందు రాసినవి తిరగేశాను. రెండు చోట్ల అబద్ధం ఉంది.

మొదటిది. ఆరేళ్ల కిందట డాక్టరు గదిలో కూర్చోవలసిన ముసలాయన రాకపోతే, డైరెక్టరు అడిగింది బావని కాదు. నన్ను. అప్పటికి బావ ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. "మాస్టారూ, మీరు కూర్చోండి. ఒక్క మాటే" అన్నాడు. అందరూ నావైపు చూశారు. "ఇస్త్రీ ఉందండీ" అన్నాను. అప్పుడే బావ అద్దాలు పట్టుకుని వచ్చాడు. "అడుగో, మా బావని తీసుకోండి" అని నేనే చూపించాను. నా వేలితో.

ఆ వేషం నాది. నాకిచ్చారు, నేను వద్దన్నాను. ఆరేళ్లుగా ఈ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు.

రెండోది. మరిచిపోలేదు. రెండో నంబరు చొక్కా చేతులకి కూడా ముందే మడతలు పెట్టి ఉంచాను. ఆ గీతలు పోయేదాకా నీళ్లు చల్లి చల్లి ఇస్త్రీ చేశాను. మరిచిపోయినవాడు అంత శ్రద్ధగా ఇస్త్రీ చెయ్యడు.

జూలై 30, మంగళవారం

మా ఆవిడకి పొద్దున్నే చెప్పాను. కూరగాయలు తరుగుతోంది. కత్తి పక్కన పెట్టింది. చాలాసేపు నా మొహంలోకి చూసింది.

"అన్నయ్య మీకేం అన్యాయం చేశాడు?" అంది.

చెయ్యి పైకి వెళ్లింది. ఆవిడ ఆ చేతిని చూసింది. బొత్తాన్ని చూసింది. అద్దం వైపు తిరిగింది, ఫొటో అంటించి ఉన్న చోటుకి. ఈ నాలుగు రోజుల్లో ఫొటో తనే తీసేసింది, జిగురు మరక మిగిలింది.

"అయ్యో" అంది. "మీదా అది?"

మళ్లీ కత్తి తీసుకుంది. నేను పని పుస్తకం తీసుకుని ఎడిటింగు గదికి వెళ్లాను.

జూన్ 27 పేజీ తెరిచి డైరెక్టరు ముందు పెట్టాను. ఆయన చదివాడు. చేతులు పైకి, రెండేసి మడతలు.

"ఆ అమ్మాయి అడిగింది. నేను కావాలని తప్పు చెప్పాను" అన్నాను. నా జీవితంలో నా అంతట నేను మాట్లాడిన పెద్ద మాట ఇదే అయ్యుంటుంది.

"ఎందుకు మాస్టారూ?"

"ఓర్వలేక."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఇక నా సినిమాలకి మీరు రావద్దు" అన్నాడు. తల ఊపాను. ఆ అమ్మాయిని పిలిపించి, నా ముందే, "నీ తప్పు కాదమ్మా, ఆ రోజు తొందరపడ్డాను" అన్నాడు. ఆ పిల్ల నా వైపు చూడలేదు.

వచ్చేయొచ్చు. గుమ్మం దాకా వచ్చాను. ఒక మాట మిగిలిపోయింది.

"మా బడిలో పంతులు గారు పిలిస్తే, లోపలికి వెళ్లేముందు చొక్కా చేతులు దించుకునేవాళ్లం అండీ. బొత్తాం పెట్టుకుని వెళ్లేవాళ్లం."

"అయితే?"

"ఆయన కూడా తమ్ముడి ముందుకి వెళ్లబోతున్నాడు కదండీ. పాతికేళ్ల తరవాత."

ఎడిటరుకి ముందు అర్థమైంది. కుర్చీలో సర్దుకున్నాడు. బల్ల మీద కూర్చున్నంతసేపూ దూరం షాట్లే, చేతులు పైకి. మధ్యలో ఒక చిన్న ముక్క, ముసలి చేతులు రెండు మడతలు విప్పి బొత్తాం పెట్టుకుంటున్నట్టు. అక్కణ్ణుంచి దగ్గరగా తీసిన షాట్లే, తలుపు దాకా వెళ్లి రావడం కూడా, చేతులు కిందికి. అతుకు కనపడదు.

"అతుకు కాదండీ, ఇదే బాగుంది" అన్నాడు ఎడిటరు. "ముందే ఇలా రాసుకోవాల్సింది."

ఆ చేతుల షాట్ ఒక్కటీ తీస్తే చాలు. వరండా అక్కర్లేదు, ఆకుపచ్చ రంగేసిన చెక్క ఒకటి వెనక పెట్టొచ్చు. కానీ ఎల్లుండికల్లా తియ్యాలి, ఆ తరవాత ప్రింటుకి వెళ్లిపోతుంది. బావ ఉన్న ఊరికి ఉత్తరం చేరడానికే నాలుగు రోజులు. ఆ ఇంట్లో ఫోను లేదు.

డైరెక్టరు నా చేతుల వంక చూశాడు.

చెప్పకముందే తెలిసింది ఏమనబోతున్నాడో. ఆరేళ్ల కిందటిలాగే ఇస్త్రీ ఉందని చెప్పడానికి నోరు తెరిచాను.

"సరేనండీ" అన్నాను.

ఆగస్టు 1, గురువారం

ఒకటో నంబరు చొక్కా తొడుక్కున్నాను. మడతలు నేనే పెట్టుకున్నాను. కెమెరా చేతుల మీదే. మెడ పైన ఏదీ కనపడదు. అందుకని భయం ఉండదనుకున్నాను. ఉంది.

ఎడమ చెయ్యి దించుతున్నప్పుడు ఒక మడత విప్పి ఆగిపోయాను. మొదట భయంతోనే ఆగింది. తరవాత ఆ ఆస్పత్రి గది తలుపు గుర్తొచ్చింది. తలుపవతల ఎవరున్నారు అనుకున్నాను. తమ్ముడు కాదు. కుర్చీ అంచున కూర్చుని, బాగా చేశానా బావా అని అడుగుతున్న మనిషి.

రెండో మడత విప్పాను. మడత లోపల ముదురు రంగు బయటపడింది, ఎండ తగలని చోటు. ఎవరికీ కనపడదనుకుని చేసిన రంగు. మణికట్టు బొత్తాం పెట్టుకున్నాను. తరవాత చెయ్యి పైకి వెళ్లి పైబొత్తాం పట్టుకుంది. అది చెప్పలేదెవరూ. దానంతటదే వెళ్లింది.

కట్ అన్నారు. కెమెరా ఆయన "పదహారడుగులు" అన్నాడు. సినిమా ఫిల్ము అడుగుల్లో కొలుస్తారు. పదహారడుగులంటే పది పదకొండు సెకన్లు.

నాకు చాలు.

ఆగస్టు 3, శనివారం

బావా,

ఈ పేజీ నీకు. వెనక పేజీలన్నీ కూడా నీకే పంపుతున్నాను. ఉత్తరం రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను, రాలేదు. ఎదురుగా నిలబడి చెప్పడం మన వల్ల కాదని నీకు తెలుసు. అందుకని డైరీయే పొట్లం కట్టాను. మొదటి నుంచి చదువు. నిన్ను గురించి రాసిన పుల్లవిరుపు మాటలేవీ కొట్టెయ్యలేదు. కొట్టేస్తే మళ్లీ ఇస్త్రీ చేసినట్టవుతుంది.

నీ సీను తిరిగి పెట్టారు. నాలుగు నిమిషాల పది సెకన్లు. నిన్న మీ చెల్లెలు నాతోపాటు వచ్చి చూసింది. నిన్ను చూసి ఏడ్చింది, చేతులు వచ్చినప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. బయటికి వచ్చాక నాతో నాలుగు రోజుల తరవాత మొదటి మాట మాట్లాడింది. "అన్నయ్యకి మీరే రాయండి. నేను రాయను" అంది. ఇంటికొచ్చి ఫొటో మళ్లీ అంటించింది, అదే మరక మీద.

ఆ రోజు నువ్వడిగావు. జవాబు ఇప్పుడు చెబుతున్నాను. బాగా చేశావు. నేను నలభై ఏళ్లుగా నేనై ఉన్నాను, కానీ నీ అంత బాగా నాకు చేతకాలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా కడుపులో మండుతూనే ఉంది. అబద్ధమెందుకు.

డైరెక్టరు గారు ఇంకో సినిమా మొదలుపెడుతున్నారు. అందులో పెద్ద వేషం ఒకటి నీకోసం అట్టే పెట్టారు. పదిహేనో తారీఖు లోపల నీ మాట కావాలట. ఆ తరవాత వేరేవాళ్లని చూసుకుంటారు. బట్టలు నేను కుట్టను, నన్ను రావద్దన్నారు, అది న్యాయమే. గళ్ల చొక్కా ఈ పొట్లంలోనే ఉంది. నీ సొత్తు నీకు ఇచ్చేస్తున్నాను. మోచెయ్యి దగ్గర చిరిగితే రఫ్ఫు చేశాను, పైబొత్తాం గట్టిగా కుట్టాను.

నన్ను తిట్టాలంటే తిట్టు. నోరు నీకు ఎలాగూ ఉంది. మనసారా తిట్టి, ఆ కింద వస్తున్నానని ఒక్క ముక్క రాయి. తారీఖు దగ్గరపడుతోంది బావా. ఇది అందిన రోజే జవాబు రాయి.